జైలు బూత్ నుంచి తెలుగులో మాట్లాడితే ఫోన్ కట్ చేస్తున్నారు. ఎవరికి చెప్పుకోవాలి?

పర్లాకిమిడి_చిన్నోడు
మా అన్నయ్య రిమాండులో ఉన్నాడు. ఏ జైలో రాయను, ఒడిశా దక్షిణ జిల్లాల్లోనే అనుకోండి. కేసు గురించి ఇక్కడ వాదన వద్దు, అది కోర్టు తేలుస్తుంది. నా గోడు వేరు.

జైల్లో ఖైదీలకి ఫోన్ బూత్ ఉంది. వంతు వచ్చినప్పుడు అన్నయ్య అమ్మకి చేస్తాడు. అమ్మకి తెలుగే వచ్చు. సంతలో బేరమాడేపాటి ఒడియా వచ్చుగానీ కొడుకుతో కష్టం సుఖం చెప్పుకునే ఒడియా రాదు. బూత్ పక్కన కూర్చునే ఆయన "ఒడియాలోనో హిందీలోనో మాట్లాడు, నాకు అర్థం కావాలి" అంటాడట. మొన్న మాట మధ్యలో లైను తీసేశాడు. అన్నయ్యకి ఫిట్స్ ఉన్నాయి. మందులు వేసుకుంటున్నావా అని అమ్మ అడిగింది, జవాబు వినపడలేదు. ఆ రాత్రంతా అమ్మ కూర్చునే ఉంది.

తెలుగులో మాట్లాడకూడదని రూలు ఉందా? ఉంటే చూపించమని అడగొచ్చా? అడిగితే లోపల అన్నయ్యకి ఇబ్బంది అవుతుందేమోనని భయంగా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గంజాం_గోపి
రూలేటి తమ్ముడూ, ఆ పూట డ్యూటీలో ఎవరుంటే ఆళ్ళ మాటే రూలు. మా పిన్ని కొడుకు లోపలున్నప్పుడు తెలుగొచ్చిన వార్డరు డ్యూటీ ఎప్పుడో కనుక్కొని ఆ పూటే ఫోన్ చేసేవోడు. కటక్ వైపు నుంచి వచ్చినాయన కూకుంటే ఆ వారం ఇంక లేనట్టే.

రాయగడ_కాంతి
మా ఇంట్లో అయితే మా అత్తయ్యకి ముందే కాగితం మీద హిందీ ముక్కలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాం. "ఠీక్ హై", "ఖానా ఖాయా", "వకీల్ ఆయా క్యా". ఆవిడ వరసగా చదివేసింది. కాగితం అయిపోయాక ఏం మాట్లాడాలో తెలీక ఇద్దరూ ఊరుకున్నారు. టైము అయిపోయింది. కొడుకుతో మాట్లాడినట్టే లేదే అమ్మాయీ అంది ఫోన్ పెట్టేసి.

మాజీ_వార్డరు
నేను జైలు శాఖలో చేసి రిటైరయ్యాను. అందరూ వార్డరునే తిడతారు కాబట్టి అతని వైపు నుంచీ ఒక మాట.

ములాఖత్ అంటే ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు జైలు ఉద్యోగి కనపడేంత, వినపడేంత దూరంలో ఉండాలి. జైలు నియమాల పుస్తకం, అంటే మాన్యువల్‌లోనే ఉంది. ఫోన్ అయినా అదే పద్ధతి. విన్నాను అని సంతకం పెట్టేది ఆ కూర్చున్న మనిషి. అర్థం కాని భాషలో ఏదో మాట్లాడుకుని, రేపు బయట ఒక సాక్షిని కొట్టారనుకోండి, మెమో ముందు ఎవరికి వస్తుంది? బూత్ దగ్గర కూర్చునేవాడు చిన్న ఉద్యోగి. అతనికి భయం ఉంటుంది. ఆ భయంతో కట్ చేస్తాడు. పగతో కాదు.

అలాగని తెలుగు మాట్లాడకూడదన్న రూలు నా సర్వీసులో నేను చూడలేదు. అర్థమయ్యేవాణ్ణి కూర్చోబెట్టడం పైవాళ్ళ పని. కాబట్టి చిన్నోడూ, బూత్ దగ్గరి మనిషితో గొడవ పెట్టుకోవద్దు. సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా పెట్టు.

జయపురం_శ్రీను
వార్డరు గారు సాక్షి మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. మా నాన్న ఒక కేసులో సాక్షి. ముద్దాయి లోపలుండగానే మా ఇంటికి ఫోన్ వచ్చింది, కోర్టులో ఏం చెప్పాలో జాగ్రత్త అని. మాట్లాడింది తెలుగులోనే. మా నాన్న ఆ తర్వాత కొన్నాళ్ళు ఒంటరిగా బజారుకి కూడా వెళ్ళలేదు. ఖైదీల ఫోన్ హక్కు అని అందరూ రాస్తుంటే మాలాంటి వాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. వినకుండా వదిలేయమంటే నేను ఒప్పుకోను.

గుణుపురం_సత్తి
@జయపురం_శ్రీను అన్నా, ఆ కాల్ బూత్ నుంచి వచ్చిందా, దొంగ సెల్లు నుంచా?

జయపురం_శ్రీను
దొంగ సెల్లే. తర్వాత బ్యారక్ సోదా చేస్తే దొరికిందని చెప్పారు.

గుణుపురం_సత్తి
నేననేదీ అదే. బూత్‌లో ముందే రాయించిన నంబర్లకి తప్ప కాల్ పోదు. మీ నాన్నగారి నంబరు ఆ ముద్దాయి లిస్టులో ఎవరూ పెట్టనివ్వరు. బెదిరించేవాడికి బూత్ పనికిరాదు. బూత్‌ని బిగించే కొద్దీ అమ్మతో మాట్లాడాలనుకున్నవాడు కూడా దొంగ సెల్లు ఉన్నవాడి కాళ్ళు పట్టుకుంటాడు. ఒక్క కాల్‌కి వాడు ఎంతంటే అంత. ఇంటి దగ్గర ఆడవాళ్ళు పుస్తెలు తాకట్టు పెట్టి పంపిన కేసు నాకు తెలుసు.

మాజీ_వార్డరు
సత్తి చెప్పింది నిజం. గోడ అవతల నుంచి బంతిలో పెట్టి విసురుతారు, కూరల బస్తాలో వస్తాయి, సిబ్బందిలో తప్పుదారి పట్టినవాళ్ళు తెస్తారు. 1894 నాటి ప్రిజన్స్ చట్టం 42వ సెక్షన్‌లో నిషిద్ధ వస్తువు లోపలికి చేరవేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆనాటి 200 వేరు, ఈనాటి 200 వేరు. 2023లో కేంద్ర హోం శాఖ తెచ్చిన నమూనా చట్టంలో ఖైదీ దగ్గర మొబైల్ దొరికితే మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000 దాకా జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. కానీ అది నమూనా. జైళ్ళు రాష్ట్రాల జాబితాలోవి, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన చట్టం తాను చేసుకోవాలి.

బరంపురం_మేడమీద
సెల్ సిగ్నల్ రాకుండా జైళ్ళలో పెట్టే జామర్ల సంగతి కూడా మాట్లాడండి. ఒక జైలు గోడకి దగ్గర్లో మా అక్క అత్తారిల్లు. లోపల దొంగ సెల్లు పనిచేస్తుందో లేదో నాకు తెలీదుగానీ మా బావ ఫోన్ మాత్రం చావదు బతకదు. మా బావ ఆఫీసు నుంచి కాల్ వస్తే పరిగెత్తుకుంటూ మేడెక్కుతాడు. అందుకే బరువు తగ్గాడని మా అక్క సంబరం.

గంజాం_గోపి
@బరంపురం_మేడమీద ఆ ఇంట్లో వాటా ఏదైనా కాళీగా ఉంటే చెప్పు, మా ఆవిడ నన్ను నడమంటోంది 😀

వంశధార_వకీలు
అసలు ప్రశ్నకి వద్దాం. నేను సరిహద్దుకి రెండు పక్కలా కోర్టులకి వెళ్తాను, కొంచెం పొడుగ్గా రాస్తాను.

మొదటిది, ఇంటివాళ్ళతో మాట్లాడటం దయాదాక్షిణ్యం కాదు. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. ఆమె ముందస్తు నిర్బంధంలో ఉన్న మనిషి. చిన్న కూతుర్ని నెలకి ఒక్కసారే చూడనిచ్చేవారు. కుటుంబాన్ని, స్నేహితుల్ని కలవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, నెలకి ఒకసారి అన్న షరతు చెల్లదని కొట్టేసింది. అంతకుముందు 1979 డిసెంబరులో సునీల్ బాత్రా రెండో కేసు ఉంది. అది మొదలైందే జైలు లోపల్నుంచి ఒక ఖైదీ తోటి ఖైదీని కొట్టారని జడ్జికి రాసిన ఉత్తరంతో. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. లోపలి మాట బయటికి రావడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

రెండోది ఫోన్ సంగతి. 2017 సెప్టెంబరు 15న జైళ్ళ పరిస్థితుల మీద ఇచ్చిన తీర్పులో సుప్రీం కోర్టు, కుటుంబంతోనూ వకీలుతోనూ మాట్లాడటానికి ఫోన్లు, వీడియో కాన్ఫరెన్సు వాడే అవకాశం పరిశీలించమని రాష్ట్రాలకి చెప్పింది. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా జైలు మాన్యువల్‌లో కూడా ఖైదీకి ఫోన్ సౌకర్యం ఇవ్వొచ్చని ఉంది, ఖర్చు ఖైదీది. ఐక్యరాజ్య సమితి 2015లో ఒప్పుకున్న మండేలా నియమాల్లో (ఖైదీలని ఎలా చూడాలో చెప్పేవి) 58వది ఉత్తరాలతో పాటు ఫోన్, ఇతర ఎలక్ట్రానిక్ మార్గాల్ని కూడా పేరుపెట్టి చెబుతుంది.

మూడోది భాష. వినే హక్కు జైలుకి ఉంది. వినేవాడికి అర్థం కాదు కాబట్టి మాట్లాడొద్దు అనే హక్కు ఆ వినే హక్కులోంచి పుట్టదు. వార్డరు గారన్నట్టు అర్థమయ్యే మనిషిని పెట్టుకోవాలి, లేదా రికార్డు చేసి తర్వాత వినాలి. ఒడిశాలో తెలుగు గుర్తింపు ఉన్న మైనారిటీ భాష. సిబ్బందిలో తెలుగు చదివేవాళ్ళు దొరకరంటే నేను నమ్మను.

పర్లాకిమిడి_చిన్నోడు
@వంశధార_వకీలు చాలా థాంక్స్ సార్. అర్జీ ఒడియాలోనే పెట్టాలా? ఒడియా రాయడం నాకు అంతంతమాత్రం.

వంశధార_వకీలు
తెలుగులో పెట్టొచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగానీ ఆ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. అయితే పని త్వరగా కావాలంటే వెనక ఒడియా కాపీ కుట్టండి. హక్కు మీది, తొందర కూడా మీదే కదా.

రాయగడ_కాంతి
మాకు అసలు చిక్కు భాష కాదు, నంబరు. మా ఆయన తమ్ముడు ఇచ్చిన నంబరు మా మామగారిది. సిమ్ మాత్రం ఎప్పుడో వేరే మనిషి పేరు మీద తీసుకున్నది. ఆధార్‌తో కలవలేదని కొట్టేశారు. తర్వాత మా ఆడపడుచు నంబరు ఇచ్చాం, ఆమె పాతపట్నంలో ఉంటుంది, అంటే ఆంధ్ర. పోలీసు వెరిఫికేషన్ అక్కడి స్టేషన్‌కి పోవాలన్నారు. కాగితం ఈ రాష్ట్రం నుంచి ఆ రాష్ట్రానికి పోయి తిరిగొచ్చేసరికి పండగలన్నీ వెళ్ళిపోయాయి. పాతపట్నం పర్లాకిమిడి నుంచి నడిచి పోయేంత దూరం!

గుణుపురం_సత్తి
అందుకే అరెస్టయిన వారంలోనే ఇంట్లో ఎవరో ఒకరు తమ పేరు మీద, తమ ఆధార్ మీద సిమ్ తీసుకోవాలి. ఒడిశా అడ్రసు ఉన్నవాళ్ళయితే మేలు. కేసు మొదట్లో ఎవరికీ ఇది తట్టదు. వకీలు, జామీను, డబ్బు, ఇదే గోల.

కొరాపుట్_టీచరమ్మ
నేను పారా లీగల్ వాలంటీరుగా జైలు న్యాయ సహాయ క్లినిక్‌కి వెళ్తుంటాను. మీ అందరి మాటల్లో తెలుగు ఒక్కటే కనిపిస్తోంది. మనకి కనీసం రాయడానికి అక్షరాలున్నాయి, కటక్ ఆయనకి కాకపోతే బరంపురం ఆయనకి అర్థమవుతుంది. మా దగ్గర కువి అనే గిరిజన భాష మాట్లాడే ఒకామె ఉండేది. ఆమె ఫోన్ బూత్‌కి వెళ్ళడమే మానేసింది. అవతల ఆమె అక్కకీ కువి తప్ప రాదు, ఇవతల వినేవాళ్ళకి అది రాదు. సవర వాళ్ళ సంగతీ అంతే. తన మీద ఏ సెక్షన్ పెట్టారో కూడా ఆమెకి ఎవరూ ఆమె భాషలో చెప్పలేదు. మేం ఆ ఊరి అంగన్‌వాడీ అమ్మాయిని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టి మాట్లాడించాం. సూపరింటెండెంట్ ఒప్పుకున్నారు. అడిగాం కాబట్టే ఒప్పుకున్నారు.

చిన్నోడూ, రెండు పనులు చెయ్యి. మీ అన్నయ్య హిస్టరీ టికెట్‌లో (జైల్లో ఖైదీ పేరు మీద ఉండే రికార్డు) ఫిట్స్ సంగతి రాశారో లేదో కనుక్కో. లోపలికి తీసుకున్నప్పుడు డాక్టరు పరీక్షలో రాయాలి. రాయకపోతే పాత ప్రిస్క్రిప్షన్ జిరాక్సు జతచేసి జైలు డాక్టరుకి, కోర్టుకి ఇద్దరికీ ఇవ్వు. మందుల కబురు అమ్మకి ఫోన్‌లో మాత్రమే తెలియాలన్న పరిస్థితి ఉండకూడదు. రెండోది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పు. 15100 కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. పైసా ఖర్చు లేదు. నువ్వు భయపడుతున్నావు చూడు, లోపల అన్నయ్యకి ఇబ్బంది అని, ఆ భయానికి మందు అదే. అర్జీ సంస్థ వైపు నుంచి వెళ్తుంది.

జయపురం_శ్రీను
టీచరమ్మ గారు చెప్పిన ఆమె సంగతి చదివాక ఒకటి అనిపించింది. నేను వినొద్దని అనలేదు, వినాలనే అన్నాను. వినడానికి మనిషిని పెట్టే ఖర్చు జైలు పెట్టుకోవాలి, తల్లి మీద వెయ్యకూడదు. ఇంతవరకూ ఒప్పుకుంటా. కానీ కాల్ రికార్డు కావాలి, అది మాత్రం వదలను.

వంశధార_వకీలు
@జయపురం_శ్రీను ఇంటివాళ్ళ కాల్‌కి అభ్యంతరం లేదు. వకీలుతో మాట మాత్రం వేరు. 1894 చట్టం 40వ సెక్షన్‌లోనే ఉంది, విచారణ ఖైదీ తన న్యాయవాదిని మూడో మనిషి లేకుండా కలవనివ్వాలని. బ్రిటిష్ వాళ్ళు రాసిన చట్టమే అంతమాట అంది. బూత్‌లో వకీలుతో మాట్లాడుతుంటే పక్కన నిలబడి వినడం కుదరదు.

గంజాం_గోపి
వకీలు గారూ, ఇప్పుడు వాయిదాలన్నీ టీవీలోనే కదా. మా పిన్నికి అదే పెద్ద దెబ్బ. ఇదివరకు వాయిదా రోజున కోర్టుకి పోతే వేన్ దిగినప్పుడు చూసేది, ఎస్కార్టు మంచోడైతే అరటిపండు చేతికిచ్చేది, రెండు ముక్కలు తెలుగులో మాట్లాడేది. కోర్టు వరండాలో ఏ భాషని ఎవరూ అడగరు. ఇప్పుడు గుంటడు తెర మీద ఒక నిమిషం కనపడతాడు, జడ్జి గారు డేటు చెప్తారు, అయిపోయింది. మా పిన్ని బల్ల మీదే కూకుని ఉంటాది, ఇంకా ఏటైనా చూపిస్తారేమోనని.

వంశధార_వకీలు
గోపి చెప్పింది చట్టం పుస్తకాల్లో లేని నష్టం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 187వ సెక్షన్ కింద పోలీసు కస్టడీకి ఇవ్వాలంటే మనిషిని ఎదురుగా తేవాల్సిందే. తర్వాత జుడీషియల్ రిమాండు పొడిగింపు వీడియోలో చెయ్యొచ్చు. పాత చట్టంలోనూ ఇంచుమించు ఇదే. ఎస్కార్టు పోలీసులు చాలక వాయిదాలు పోతుండేవి కాబట్టి వీడియో మంచిదే. కానీ వరండాలో దొరికే ఆ కాసేపు పోయింది, దాని బదులు ఏదీ ఇవ్వలేదు. వాయిదా వీడియో అయ్యాక అదే తెర మీద కుటుంబానికి పది నిమిషాలు ఇమ్మని కోర్టుని అడగొచ్చు. నేను అడిగాను. ఒక మేజిస్ట్రేటు ఇచ్చారు, ఇంకొకరు ఇవ్వలేదు.

రాయగడ_కాంతి
ఈ-ములాఖత్ గురించి ఎవరూ రాయలేదేంటి? కరోనా అప్పుడు మనుషుల్ని జైలు గేటు దగ్గరికే రానివ్వకపోతే మాకు అదే దిక్కయింది. ఈ-ప్రిజన్స్ సైటులో రాష్ట్రం, జైలు, ఖైదీ పేరు, మన ఆధార్, ఫోన్ నంబరు ఇచ్చి రోజు అడగాలి. మనిషిగా వెళ్ళే ములాఖత్తా, వీడియోనా అని అడుగుతుంది. ఒప్పుకుంటే లింకూ పిన్నూ వస్తాయి. ఫోన్‌లోనే అవుతుంది. మొహం కనపడుతుంది చూడండి, అదే సగం బలం. మా అత్తయ్య తెర మీద వాడి గడ్డం చూసి తిట్టింది, వాడు నవ్వాడు.

ఖైదీ పేరు దగ్గర జాగ్రత్త. మన పేర్లు ఒడియావాళ్ళు రాసినట్టు రికార్డులో ఉంటాయి. ఇంటిపేరు చివరికి పోతుంది, "అప్పలస్వామి" రెండు ముక్కలవుతుంది. మనకి తెలిసిన స్పెల్లింగ్ కొడితే మనిషే లేడంటుంది. రిమాండు కాగితంలో ఎలా ఉంటే అలా కొట్టాలి.

గుణుపురం_సత్తి
ఈ చివరి ముక్క బంగారం. మావాడి పేరు దొరక్క మేము నెట్ సెంటరు చుట్టూ తిరిగింది ఇందుకే.

పాత_పోస్టుకార్డు
మీరంతా ఫోన్లూ తెరలూ అంటున్నారు. కార్డు ముక్క రాయండి బాబూ.  ఫోన్ మాట గాలికి పోతుంది, కార్డు దిండు కింద ఉంటుంది. మా తమ్ముడు లోపలున్నన్నాళ్ళూ నేను తెలుగులోనే రాశాను. కొన్ని చదివేవాళ్ళు లేక ఆఫీసులో పడున్నాయని తర్వాత తెలిసింది. అయినా మానలేదు. ఒకాయన, ఆ ఆఫీసు గుమాస్తా, పక్క బ్యారక్‌లో తెలుగు మేష్టరుగారు ఖైదీగా ఉంటే ఆయన చేత చదివించి వరసగా పంపేశాడు. రాసిన తేదీ ఒకటి, అందిన తేదీ ఒకటి, కానీ అన్నీ అందాయి.

కొరాపుట్_టీచరమ్మ
పెద్దాయన చెప్పినదానికి మాన్యువల్ అండ కూడా ఉంది. తెలియని భాషలో ఉత్తరం వస్తే అనువాదం చేయించి చూసుకుని ఇవ్వాలి. పక్కన పడెయ్యడం పద్ధతి కాదు. ఉత్తరానికి ఉన్న పద్ధతే ఫోన్‌కీ పెట్టమని మన అర్జీలో అడగొచ్చు.

సిరొంచ_మల్లేశ్
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదారి దాటితే కాళేశ్వరం. మా దిక్కు కూడా గిదే కథ, ఒడియా బదులు మరాఠీ. మా బావకు శిక్ష పడ్డది, దూరంల ఉన్న సెంట్రల్ జైల్ల ఉన్నడు. సిరొంచకెళ్లి నాగపూర్ దిక్కు పోవాలంటేనే ఒక రోజు పోతది, కూలి పోతది, మా అక్క ఎన్నిసార్లు పోతది? మహారాష్ట్రల 2023ల యరవాడ జైల్ల స్మార్ట్ కార్డు ఫోన్లు మొదలువెట్టిండ్రు, తర్వాత వేరే జైళ్ళకు కూడా వచ్చినయి. మా బావ ఉన్న కాడ కూడా కార్డు ఉన్నది. మాట్లాడనిస్తరు, మంచిగనే ఉన్నది. కాకపోతే మా ఊర్లె సిగ్నల్ రావాలె గద! వానకాలం కరెంటు పోతే టవర్ పోతది. బావకు లైన్ దొరికిన టైంకు మా అక్కకు టవర్ ఉండది. అక్క ఇప్పుడు ఆయన ఫోన్ చేసే దినం పొద్దుగాలనే బస్‌స్టాండ్ కాడికొచ్చి కూసుంటది, ఆడ జర మంచిగ వస్తది.

గంజాం_గోపి
@సిరొంచ_మల్లేశ్ మిస్సయిన కాల్ మళ్ళీ చేసుకోనిస్తారా?

సిరొంచ_మల్లేశ్
ఎత్తకపోతే మళ్ళ చెయ్యనిస్తరు, వంతు లైన్ల ఎంత మంది ఉన్నరో చూసి. లైన్ కలిసి, మాట రాక కట్ అయితే మాత్రం ఆయన లెక్కలకెళ్లి పోయినట్టే.

తెలుగు_బడి_బరంపురం
దూరం మాట వచ్చింది కాబట్టి. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సాయిబాబా మావోయిస్టులతో సంబంధాల కేసులో నాగపూర్ జైల్లో ఉండగా 2020 ఆగస్టులో ఆయన తల్లి హైదరాబాద్‌లో చనిపోయారు. చూడటానికి పెరోల్ ఇవ్వలేదు. 2024 మార్చిలో బాంబే హైకోర్టు ఆయన్ని నిర్దోషి అని వదిలేసింది. అదే ఏడు అక్టోబరులో ఆయనా పోయారు. రాజకీయం ఎవరిది ఏదైనా కానీ, నిర్దోషి అని తేలినవాడికి తల్లి చివరి చూపు ఎవరు తెచ్చిస్తారు? 2022 జాతీయ లెక్కల్లో జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే వందకి డెబ్భై అయిదు మందికి పైగా ఇంకా ఏ తప్పూ రుజువు కానివాళ్ళు. చిన్నోడి అన్నయ్య ఆ లెక్కలోనే ఉన్నాడు.

జయపురం_శ్రీను
రాజకీయం ఇక్కడ వద్దండీ, థ్రెడ్ దారి తప్పుతుంది. అంకెలు మాత్రం ఆలోచించాల్సినవే.

తెలుగు_బడి_బరంపురం
దారి తప్పించాలని కాదు శ్రీను గారూ. ఫోన్ ఎందుకు చిన్న విషయం కాదో చెప్పాలని. ఆపేస్తున్నా.

గుణుపురం_సత్తి
వకీలు గారికి ఒక ప్రశ్న. బెయిలు వచ్చిన సంగతి లోపలి మనిషికి ఎవరు చెప్తారు? మావాడికి ఆర్డరు వచ్చాక కూడా తెలీలేదు, జామీనుదారుల కోసం మేము తిరుగుతూ ఉండిపోయాం.

వంశధార_వకీలు
2023 జనవరి 31న సుప్రీం కోర్టు దీని మీద సూచనలిచ్చింది. బెయిలు ఇచ్చిన కోర్టు ఆ ఆర్డరు కాపీని అదే రోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి పంపాలి. జైలు ఆ తేదీని ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. ఆలస్యమైతే ఈ తేదీ చెప్పి అడగండి, పని కదులుతుంది.

పర్లాకిమిడి_చిన్నోడు
అందరికీ కబురు. టీచరమ్మ గారు చెప్పినట్టు న్యాయ సేవా సంస్థకి వెళ్ళాను. అర్జీ తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ఇచ్చాం. మూడు కోరికలు రాశాం: తెలుగు తెలిసిన సిబ్బంది ఉన్న పూట అన్నయ్య వంతు వెయ్యమని, అది కుదరకపోతే రికార్డు చేసుకుని తర్వాత వినమని, ఫిట్స్ మందుల సంగతి మాకు రాతలో తెలపమని. కాపీ మీద సీలు వేసి ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు.

కాంతి అక్క చెప్పినట్టు ఈ-ములాఖత్ కూడా పెట్టాను. పేరు నిజంగానే రెండు ముక్కలుగా ఉంది. వీడియో దగ్గర కూర్చున్న ఆయన భాష గురించి ఏమీ అనలేదు. అమ్మ అన్నయ్యతో తెలుగులోనే మాట్లాడింది. మందులు ఇస్తున్నారట, పొద్దున ఇస్తున్నారు, రాత్రిది మాత్రం అప్పుడప్పుడూ తప్పుతోందట. అది కూడా రాసి డాక్టరుకి ఇచ్చాం. అన్నయ్య మీద ఎవరూ కోప్పడలేదు.

కొరాపుట్_టీచరమ్మ
రాత్రి మాత్ర సంగతి కోర్టుకి కూడా పెట్టించు. ఫిట్స్‌కి ఒక్క మాత్ర తప్పినా ప్రమాదం. దీనికి జవాబు కోసం కూర్చోవద్దు. భాష అర్జీకి నెలాఖరులోగా జవాబు రాకపోతే, జైలుకి బోర్డ్ ఆఫ్ విజిటర్స్ ఉంటుంది, జిల్లా జడ్జి గారు అందులో ఉంటారు. వాళ్ళు జైలు చూడటానికి వచ్చినప్పుడు మీ అన్నయ్య నోటితోనే చెప్పొచ్చు.

మాజీ_వార్డరు
రెండో కోరిక, రికార్డు చేసి తర్వాత వినడం, అది బాగా రాశారు. బూత్ దగ్గరి ఉద్యోగికి కూడా ఊపిరాడుతుంది. మా రోజుల్లో ఎవరైనా ఇలా రాసి ఇచ్చి ఉంటే నేనే ముందు సంతకం పెట్టేవాణ్ణి.

సిరొంచ_మల్లేశ్
వకీల్ సాబ్, మా బావను తెలంగాణ జైలుకు మార్పించుకోవచ్చా? మా అక్కోళ్ళ చుట్టాలు మంథని దిక్కు ఉన్నరు. ఆడికైతే అక్క పొద్దున పోయి మాపటికి వస్తది.

వంశధార_వకీలు
@సిరొంచ_మల్లేశ్ దారి ఉంది. 1950 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రిజనర్స్ చట్టం. శిక్ష పడిన ఖైదీని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఒప్పుకుంటే ఒక రాష్ట్రం జైలు నుంచి ఇంకో రాష్ట్రం జైలుకి మార్చొచ్చు. విచారణ ఖైదీలకి ఇది వర్తించదు, మీ బావకి శిక్ష పడింది కాబట్టి అడగొచ్చు. ఇంటికి దగ్గర జైల్లో ఉంచాలని మండేలా నియమాల్లో 59వది కూడా చెబుతుంది, అర్జీలో రాయండి. ఒకటి చూసుకోండి, మీ అక్క ఉండేది మహారాష్ట్రలో కాబట్టి "సొంత రాష్ట్రం" అన్న వాదన పనిచెయ్యదు, "కుటుంబం వచ్చిపోగల దూరం" అన్నదే పట్టుకోవాలి. అక్కడ కాకపోతే చంద్రపూర్ జైలుకి మార్చమని కూడా అదే అర్జీలో రెండో కోరికగా పెట్టండి, అది ఒక్క రాష్ట్రం చేతిలో పని.

సిరొంచ_మల్లేశ్
చంద్రపూర్ అయినా సగం బాధ తప్పుతది. అర్జీ మీద బావ సంతకం కావాల్నా, అక్కదా?

వంశధార_వకీలు
బావది ఉండాలి. జైలు ద్వారానే పైకి పోతుంది. అక్క పేరుతో వేరే కాగితం, ఆధార్, పిల్లల స్కూలు కాగితాలు, ఆమె ఆరోగ్యం బాగోలేకపోతే డాక్టరు కాగితం జతచెయ్యండి. వచ్చే కాల్‌లో బావకి ఈ సంగతి చెప్పమని అక్కతో చెప్పండి, లోపల ఫారం అడిగి రాయించుకుంటాడు.